పస్కా పద్ధతిలో ఇల్లు సర్దుకోవడం: ఒక సమగ్ర మార్గదర్శి

యూదుల ఇళ్ళలో పస్కా పండుగ మొదలయ్యే ముందటి రాత్రి ఒక వెతుకులాట జరుగుతుంది. చీకటి పడ్డాక ఇంట్లో లైట్లు ఆపేసి, వెలిగించిన కొవ్వొత్తి, పక్షి ఈక, చెక్క గరిటె చేతపట్టుకుని ఇంటివాళ్ళు గది గదీ తిరుగుతారు. పిల్లలు వెనకాలే నడుస్తారు. అలమర మూలల్లో, సోఫా సందుల్లో, కోట్ల జేబుల్లో వాళ్ళు వెతికేది రొట్టె ముక్కల కోసం. నిజానికి అప్పటికే వారాల తరబడి దులిపి, తుడిచి, కడిగిన ఇల్లది. అయినా పడుకునే ముందు మరోసారి చూస్తారు. దొరికిన దాన్ని మర్నాడు పొద్దున కాల్చేస్తారు. ఆ తర్వాత ఇజ్రాయెల్‌లో ఏడు రోజులు, బయటి దేశాల్లో ఎనిమిది రోజులు ఆ ఇంట్లో పులిసిన పదార్థం ఏదీ ఉండదు.

ఇల్లు ఖాళీ చేసుకోవడం మీద సలహాలకు ఇప్పుడు కొదవ లేదు. ఈ పద్ధతి నన్ను ఆకట్టుకోవడానికి కారణం వేరు. ఇందులో ఏది తీసేయాలో కచ్చితంగా తెలుసు, ఎక్కడ వెతకాలో తెలుసు, ఎప్పటికి ముగించాలో తెలుసు. ఎంత చేసినా మిగిలిపోయే దాన్ని ఏం చేయాలన్నది కూడా ముందే ఆలోచించి పెట్టారు. మనం మొదలుపెట్టే సర్దుళ్ళు సగంలో ఆగిపోయేది ఈ నాలుగింటిలో ఏదో ఒకటి లేకనే. అందుకే పస్కా ఏర్పాట్లు ఒక్కొక్కటిగా ఎలా జరుగుతాయో, వాటి నుంచి మన ఇంటికి ఏం తీసుకోవచ్చో వరసగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఆ రాత్రి పలికే ఆశీర్వచనం, మర్నాటి ప్రకటన యూదుల ఆరాధనలో భాగం. వాటిని మన ఇంట్లో అనుకరించమని నేను చెప్పడం లేదు. వెనకున్న పద్ధతిని నేర్చుకుంటే చాలు.

పండుగ సంగతి కొంచెం

పస్కా అంటే యూదుల పూర్వులైన ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి బయటపడిన రోజుల జ్ఞాపకం. తెలుగు బైబిలు చదివినవాళ్ళకి నిర్గమకాండం పన్నెండో అధ్యాయం గుర్తుండే ఉంటుంది. హడావిడిగా బయల్దేరడంతో పిండి పొంగే వ్యవధి లేకపోయింది, పులియని రొట్టెలే కాల్చుకున్నారు. అందుకే ఈ రోజుల్లో పులిసినది తినకూడదు. అంతటితో ఆగలేదు. అది ఇంట్లో ఉండకూడదు, కంటికి కనబడకూడదు అని కూడా నియమం. తినకపోతే సరిపోయేదైతే ఒక అలమరకి తాళం వేస్తే చాలేది. ఉండనే కూడదన్నారు కాబట్టి ఇల్లంతా గాలించాల్సి వస్తోంది.

మన నేలమీద కూడా ఈ పండుగ ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది, వాళ్ళ ప్రార్థనా మందిరం 1991 నుంచి నడుస్తోంది. కొచ్చిలోని మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగు (యూదుల ప్రార్థనా మందిరం) చుట్టూ ఉన్న వీధిలో ఒకప్పుడు పస్కా ఏర్పాట్లంటే నెలల పని. గోడలకు సున్నం వేసేవాళ్ళు, బావులు తోడించి శుభ్రం చేయించేవాళ్ళు, పండుగకు వాడే బియ్యాన్ని ఆడవాళ్ళు గింజ గింజా చూసి ఏరేవాళ్ళు. ఇక న్యూజెర్సీలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఎడిసన్‌కి ఆనుకునే హైలాండ్ పార్క్ ఉంది. అక్కడ యూదు కుటుంబాలు చాలా ఉన్నాయి. వసంతంలో పక్కింటివాళ్ళు కారు సీట్లు కూడా విప్పి ఎందుకు దులుపుతున్నారా అని మనవాళ్ళు అనుకునేది ఈ రోజుల్లోనే.

మొదటి పని: తీసేయాల్సింది ఏమిటో ఒక్కటి తేల్చుకోండి

యూదులు తీసేసేదాని పేరు హమెత్స్. దానికి నిర్వచనం చాలా బిగువుగా ఉంటుంది. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాల పిండికి నీళ్ళు తగిలి పద్దెనిమిది నిమిషాలు అలా వదిలేస్తే అది పులిసినట్టే లెక్క. బ్రెడ్డు, బిస్కెట్లు, పాస్తా, బీరు అన్నీ ఇందులోకి వస్తాయి. పండుగలో తినే మట్సా అనే పులియని రొట్టె కూడా గోధుమ పిండిదే. నీళ్ళు కలిపిన క్షణం నుంచి పొయ్యిలో కాలేవరకు ఆ పద్దెనిమిది నిమిషాల్లోపే ముగిస్తారు కాబట్టి అది చెల్లుతుంది. తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనజీ యూదుల్లో చాలామంది బియ్యం, పప్పులు కూడా మానేస్తారు. భారతీయ యూదులు అన్నం తింటారు.

ఈ నిర్వచనంలో దుమ్ము లేదు. పాత పుస్తకాలు లేవు, బిగుతైపోయిన ప్యాంట్లు లేవు. యూదు ఇళ్ళలో దీనిమీద ఒక మాటే ఉంది, దుమ్ము హమెత్స్ కాదు అని. పస్కా పనిలోకి కిటికీలు కడగడం, కర్టెన్లు ఉతకడం, అల్మారాలు మళ్ళీ సర్దడం అన్నీ కలిపేసుకుని పండుగ రాత్రికి కూర్చోలేనంత అలసిపోయే ఇల్లాళ్ళకు రబ్బీలు, అంటే యూదు మత గురువులు, ఏటా ఈ సంగతి గుర్తుచేస్తుంటారు.

మనమూ ఇక్కడే ఎక్కువ దెబ్బ తింటాం. ‘ఇల్లు సర్దాలి’ అంటే అది పని కాదు, దిగులు. దాని బదులు ఈసారి తీసేయబోయే వస్తువు ఏమిటో ఒక్కటే చెప్పండి. ‘అక్కర్లేనివన్నీ’ అనకూడదు, ఎందుకంటే ప్రతి వస్తువు దగ్గరా కావాలా వద్దా అని వాదన మొదలవుతుంది. ఎవరు చూసినా ఇది అదే అని గుర్తుపట్టేలా ఉండాలి. మన ఇళ్ళకి పనికొచ్చేవి కొన్ని చెబుతాను: గడువు దాటిన మందులు, మసాలా పొడులు. దేనివో తెలియని చార్జర్లు, వైర్లు. పార్సిల్ వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు. బొట్టు పెట్టి ఇచ్చిన జాకెట్టు ముక్కలు. ఫంక్షన్లలో ఇచ్చిన రిటర్న్ గిఫ్టులు.

మొదటిసారికి జాకెట్టు ముక్కలు ఎంచుకోమంటాను. బీరువా అడుగున ఎన్ని ఉంటాయో తీస్తే గానీ తెలియదు. అవి పాడైపోయే వస్తువులు కావు, ఎవరికో పనికొస్తాయి, విడిచిపెడితే బాధ కలిగించేవి చాలా తక్కువ. తీసేయడం చేతికి అలవాటు కావడానికి ఇంతకన్నా మంచివి దొరకవు. ఫోటోలు, ఉత్తరాలు, పోయినవాళ్ళ బట్టలు మొదటి ఏడాది ముట్టుకోవద్దు.

రెండో పని: తేదీ పెట్టుకుని వెనక్కి లెక్కేయండి

పస్కా తేదీ ఎవరి కోసమూ జరగదు. యూదుల నెల నీసాను పద్నాలుగో రోజు ముగిసి సూర్యుడు అస్తమించగానే మొదలవుతుంది, ఆ రాత్రి పున్నమి. పండుగకు ముప్పై రోజుల ముందు నుంచే దాని నియమాలు అడిగి తెలుసుకోవాలని పాత బోధ. నెల ముందు వచ్చే పూరీము పండుగ అవగానే చాలా ఇళ్ళలో పని మొదలవుతుంది.

మనకి ఇందులో ఒక అనుకూలం ఉంది. పస్కా పున్నమి చాలా ఏళ్ళలో మన చైత్ర పున్నమే. 2026లో ఉగాది మార్చి 19న వచ్చింది, పస్కా ఏప్రిల్ 1 సాయంత్రం మొదలైంది. 2027లో పస్కా ఏప్రిల్ 21 సాయంత్రం మొదలవుతుంది. ఉగాదికి ఎలాగూ బూజులు దులుపుతాం. ఆ ఊపును అక్కడే ఆపకుండా చైత్ర పున్నమి దాకా సాగిస్తే రెండు వారాలు చేతికొస్తాయి. మరీ పెద్ద ఇల్లయితే ఉగాదికి రెండు వారాల ముందు మొదలుపెట్టండి.

ఈ వ్యవధిలో చేయాల్సిన మొదటి పని తీసేయడం కాదు, లోపలికి రానివ్వకపోవడం. యూదు ఇళ్ళలో పూరీము తర్వాత కొత్త గోధుమపిండి సంచి, కొత్త పాస్తా పొట్లం కొనరు. ఉన్నవాటినే వండుకుంటూ వస్తారు. ఆ వారాల్లో పిల్లల భోజనం డబ్బాల్లో సగం పొట్లం మిగిలిన నూడుల్స్, అడుగున ఉన్న బిస్కెట్లే ఎక్కువ కనిపిస్తాయి. మీరు కూడా ఎంచుకున్న రకం వస్తువు ఇంట్లోకి రాకుండా ఆపండి. తినేవాటి సంగతైతే ఫ్రిజ్జు తలుపు మీద సగం వాడిన పొట్లాల పట్టీ అంటించి, వంట దాన్నిబట్టే చేయండి. సేమ్యా, అటుకులు, మూడు రకాల రవ్వలు, ఊరి నుంచి వచ్చిన అప్పడాలు, కారప్పొడులు ఇలాగే ఖాళీ అవుతాయి. చెత్తబుట్టలో వేయడానికి పెద్దగా మిగలదు.

గదుల వరస కూడా వాళ్ళు తేల్చిపెట్టుకున్నారు. అన్నం తినని గదులు ముందు, వంటిల్లు చివర. పడకగది, పుస్తకాల గది, కారు, స్కూలు సంచులు, కోట్ల జేబులు మొదట పూర్తవుతాయి. పూర్తయిన గదిలోకి ఆ రోజు నుంచి తిండి తీసుకెళ్ళకూడదు. ఈ చివరి నియమం లేకపోతే మిగతా కష్టమంతా నీళ్ళపాలు. మన ఇళ్ళలో శుభ్రం చేసిన గదే సాయంత్రానికి మిగతా గదుల సామాన్లకు గోడౌన్ అవుతుంది. ఒక గది పూర్తయితే తలుపు మీద చిన్న కాగితం అంటించండి. ఆ కాగితం ఉన్న గదిలో వేరే గది వస్తువు ఒక్క గంట కూడా ఉండకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.

మూడో పని: ఎక్కడ ఆగాలో తెలుసుకోండి

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదు ధర్మసంగ్రహంలో పస్కా మీద ఒక భాగం ఉంది. అది మొదలయ్యేదే ఈ వెతుకులాటతో. అక్కడే ఇంకో మాట ఉంది: పులిసినది ఎప్పుడూ తీసుకెళ్ళని చోట వెతకనక్కర్లేదు.

దాని వెంటనే వచ్చేది నాకు మరీ ఇష్టం. వెతికిన గదిలోకి ముంగిస లాంటి జంతువేదైనా పక్క ఇంట్లోంచి రొట్టె ముక్క లాక్కొచ్చి పడేస్తే? అలా భయపడనక్కర్లేదని మిష్నా చెబుతుంది. ఇంటి నుంచి ఇంటికి లాక్కొస్తుందని అనుమానిస్తే, వాకిలి నుంచి వాకిలికి, ఊరి నుంచి ఊరికి కూడా అనుమానించాలి, ఇక దానికి అంతుండదు అంటుంది. అంత కఠినమైన నియమాలు రాసినవాళ్ళే, మనిషి అనుమానానికి హద్దు గీయకపోతే పని ఎప్పటికీ తెమలదని చూశారు.

కాగితం తీసుకుని ఇంట్లో మీరు ఎంచుకున్న వస్తువు ఉండే చోట్లు రాయండి. జాకెట్టు ముక్కలైతే బీరువా, దివాన్ కింది అర, అటక మీది సూట్‌కేసు. పూజగదిలో ఒక సంచి ఉండొచ్చు. అంతే. షూ ర్యాక్ రాయొద్దు, బాల్కనీ రాయొద్దు. రాయని చోటికి వెళ్ళొద్దు. వెతుకుతుండగా వేరే చెత్త కనిపిస్తే తలుపు మూసేయండి, దాని వంతు వచ్చే ఏడాది. అటక మీద చేయి పెట్టి పాత ఆల్బం దొరికి, నేలమీద కూర్చుని చూస్తూ మధ్యాహ్నం గడిపేసిన అనుభవం ఉన్న ఎవరికైనా ఈ నియమం విలువ తెలుస్తుంది.

నాలుగో పని: బయటికి పంపే దారులు

హమెత్స్‌ను వదిలించుకోవడానికి యూదు ధర్మంలో చాలా దారులున్నాయి. తినేయొచ్చు, ఇచ్చేయొచ్చు, కాల్చేయొచ్చు, అమ్మేయొచ్చు, అది తనది కాదని ప్రకటించొచ్చు. అన్నింటినీ ఒకే సంచిలో పడేయరు. వస్తువును బట్టి దారి.

ఇవ్వడం ముందు చెబుతాను. పస్కాకు ముందు బీదలకు పండుగ సరుకుల కోసం డబ్బు పోగుచేయడం ఒక తప్పనిసరి ఆనవాయితీ, దాన్ని గోధుమల సొమ్ము అంటారు. మూయని పొట్లాలు ఇంట్లోవాళ్ళు తింటే, మూసి ఉన్నవి అన్నదాన కేంద్రాలకు పంపేస్తారు. పైగా పనికొచ్చేదాన్ని ఊరికే పాడుచేయకూడదని ద్వితీయోపదేశకాండం ఇరవయ్యో అధ్యాయం మీద ఆధారపడిన నియమం ఉంది. యుద్ధంలో కూడా పండ్ల చెట్టు నరకొద్దని చెప్పిన వాక్యం అది. దాన్ని తర్వాతి పండితులు అన్ని రకాల వృథాకీ విస్తరించారు. కాబట్టి తీసేయడమంటే చెత్తబండికి వేయడమని అనుకోవద్దు. జాకెట్టు ముక్కలు ఒక టైలరు దగ్గరికి, స్టీలు గిన్నెలు ఒక అనాథాశ్రమం వంటింటికి, పుస్తకాలు ఊళ్ళోని గ్రంథాలయానికి. ఎవరికి ఇవ్వబోతున్నారో వాళ్ళని ముందే అడగండి. వాళ్ళకి అక్కర్లేనిది మోసుకెళ్ళి ఇవ్వడం దానం అనిపించుకోదు. పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమె వీధిలోకి వస్తే మాత్రం ఈ నెల పిలవొద్దు. ఒకటి బయటికి పోయి ఇంకోటి లోపలికొస్తుంది.

అమ్మకం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఖరీదైన విస్కీ సీసాలో, దుకాణం నిండా పిండి బస్తాలో ఉన్నవాడు అవన్నీ కాల్చేయలేడు. అందుకని యూదేతరుడికి అమ్మేస్తాడు. సాధారణంగా రబ్బీకి అధికారం రాసిస్తే, ఆయన ఊరందరి తరఫునా ఒక ఒప్పందం చేస్తాడు. కొన్నవాడు బయానా ఇస్తాడు. అమ్మిన వస్తువులున్న అలమర తలుపులకు టేపు వేసేస్తారు, పండుగయ్యేవరకు తెరవరు. ఇజ్రాయెల్ ప్రభుత్వ సంస్థల హమెత్స్ అంతా కూడా ఇలాగే అమ్ముడవుతుంది. యెరూషలేము దగ్గరి అబూ ఘోష్ అనే ఊరికి చెందిన జాబర్ హుస్సేన్ అనే అరబ్బు హోటల్ ఉద్యోగి చాలా ఏళ్ళపాటు ఏటా దాన్ని కొన్నారు. పండుగయ్యాక మిగతా సొమ్ము కట్టకపోతే సరుకు తిరిగి పాత యజమానులకు చేరుతుంది. అయితే ఆ అమ్మకం నాటకం కాదు. కట్టాలనుకుంటే కట్టి తీసుకెళ్ళే హక్కు కొన్నవాడికి నిజంగానే ఉంటుంది. ఆ హక్కు లేకపోతే అమ్మకమే చెల్లదు.

వదల్లేని వస్తువుల విషయంలో నేను చూసినవాటిలో ఇంత తెలివైన ఏర్పాటు ఇంకొకటి లేదు. ‘చూద్దాంలే’ అనే పెట్టె మనందరి ఇళ్ళలో ఉంది, అది పదేళ్ళయినా అటక దిగదు, ఎందుకంటే దాని మీద హక్కు మనదే. ఆ పెట్టెని ఇంకొకరి చేతికి ఇవ్వండి. అక్కకో, వదినకో, నమ్మకమైన స్నేహితుడికో ఇచ్చి మాట స్పష్టంగా చెప్పండి: “వాడుకో. వచ్చే ఉగాదిలోపు నేను పేరు చెప్పి అడిగితే తిరిగివ్వు, లేదంటే నీదే.” ‘నీ దగ్గర దాచు’ అంటే లాభం లేదు. వాడుకునే హక్కు ఇవ్వాలి. మీ పెద్ద ఇడ్లీ పాత్ర ఇంకొకరి పొయ్యి మీద ఉందని తెలిశాక అది మీకు ఎంత అవసరమో కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది.

కాగితాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దేవుడి పేరున్న కాగితాన్ని యూదులు చెత్తలో వేయరు. చిరిగిన ప్రార్థన పుస్తకాలను గెనీజా అనే చోట దాచి, తర్వాత గౌరవంగా పాతిపెడతారు. కైరోలోని బెన్ ఎజ్రా సినగాగులో అలా వందల ఏళ్ళుగా పోగుపడిన కాగితాలను 1896–97లో సోలమన్ షెక్టర్ అనే యూదు పండితుడు కేంబ్రిడ్జికి తరలించారు. దాదాపు రెండు లక్షల ముక్కలవి. యెరూషలేములో పశ్చిమ గోడ సందుల్లో యాత్రికులు పెట్టే ప్రార్థన చీటీలను కూడా ఏడాదికి రెండుసార్లు, ఒకటి పస్కాకు ముందు, చెక్క పుల్లలతో తీసి ఒలీవల కొండ మీద పాతిపెడతారు. దేవుడికి రాసుకున్న చీటీలకు కూడా ఒక రోజు చోటు ఖాళీ చేయక తప్పదు. దేవుడి బొమ్మలున్న క్యాలెండర్లు, పెళ్ళి శుభలేఖలు పారేయడానికి చేతులు రాక దొంతరలు పెంచుకునే మనకి ఇది ఊరటనిచ్చే సంగతి. గౌరవంగా పంపే దారి ఒకటి కల్పించుకుంటే చేతులు వస్తాయి. వాటికో సంచి కేటాయించండి. నిండాక మట్టిలో కలిపేయండి.

ఐదో పని: వంటిల్లు

వంటింటికి కనీసం రెండు రోజులు కేటాయించాలి, అదీ ఇంట్లో అందరూ పట్టాలి. ఈ పనంతా ఆడవాళ్ళ మీద పడేసి పండుగ బల్ల దగ్గర స్వేచ్ఛ గురించి మాట్లాడటం ఏ మతంలోనూ పొసగదు.

యూదు ధర్మం ప్రకారం పాత్ర తను వండిన పదార్థాన్ని పీల్చుకుంటుంది, ఎలా పీల్చుకుందో అలాగే వదులుతుంది. నీళ్ళలో ఉడికించిన లోహపు గిన్నెను బాగా తోమి, ఒక పూర్తి రోజు వాడకుండా ఉంచి, మరుగుతున్న నీళ్ళలో ముంచి తీస్తారు. నేరుగా నిప్పు మీద కాల్చడానికి వాడిన చువ్వలు, పెనాల లాంటివి నిప్పులోనే కాల్చాలి. మట్టి పాత్ర పీల్చుకున్నది పూర్తిగా వదలదు కాబట్టి దానికి ఈ వైద్యం పనిచేయదు. పండుగ ముందు రోజుల్లో యెరూషలేము వీధుల్లో మరిగే నీళ్ళ గంగాళాలు పెడతారు, ఇళ్ళలోంచి గిన్నెలు తెచ్చుకుని జనం వరసలో నిలబడతారు. చాలా కుటుంబాలకు పస్కాకు మాత్రమే వాడే గిన్నెలు, కంచాలు వేరుగా ఉంటాయి. ఏడాదంతా పెట్టెలో ఉండి ఈ వారానికి బయటికొస్తాయి, రోజువారీవి లోపలికెళ్తాయి.

మన ఇంటికి కావలసింది ఈ చివరి ఏర్పాటే. ఎనిమిది రోజుల వంటగది పెట్టుకోండి. ఒక కుక్కరు, రెండు గిన్నెలు, ఒక మూకుడు, ఒక పెనం, పోపు గరిటె, అన్నం గరిటె, మనిషికొక కంచం, గ్లాసు. మిగతావన్నీ అట్టపెట్టెల్లో పెట్టి టేపు వేసేయండి. పారేయనక్కర్లేదు, ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. ఎనిమిది రోజులు వాటితోనే వండండి. ఏ గిన్నె కోసం టేపు విప్పాల్సి వచ్చిందో పెట్టె మీదే రాయండి. ఏది మీ వంటింటికి అవసరమో ఆ పట్టీ చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు. అల్మారాల అరలు ఖాళీగా ఉన్న ఆ వారంలోనే కాగితాలు మార్చి, నూనె జిడ్డు కడిగేసుకోవచ్చు.

ఆరో పని: వెతుకులాట రాత్రి

నిజానికి ఆ రాత్రికి ఇంట్లో దొరకడానికి ఏమీ మిగలదు. అందుకే వెతుకులాట వట్టిపోకుండా ఉండాలని ఇంటివాళ్ళే ముందుగా పది రొట్టె ముక్కలు కాగితంలో చుట్టి అక్కడక్కడా దాస్తారు. ఎక్కడ దాచారో రాసిపెట్టుకోకపోతే ఒకటి ఇంట్లోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. ఆశీర్వచనం పలికాక వెతకడం మొదలయ్యేవరకు మాట్లాడరు, వెతుకుతున్నంతసేపూ ఆ పని గురించి తప్ప వేరే కబుర్లు పెట్టుకోరు. ముక్కల్ని ఈకతో గరిటెలోకి ఊడ్చి మూటగడతారు.

మీరు పెట్టుకున్న తేదీకి ముందురోజు రాత్రి ఒక గంట ఇలా కేటాయించండి. టార్చి చాలు. ఇది శుభ్రం చేసే గంట కాదు, చూసే గంట. మూడో పనిలో రాసిన పట్టీ చేతిలో పట్టుకుని ఆ చోట్లు మాత్రమే తెరవండి. పిల్లలుంటే పది వస్తువులు దాచి వాళ్ళచేతే వెతికించండి. పెద్ద లైటు వెలుగులో కంటికి ఆనని మూలలు టార్చి వెలుగులో విడివిడిగా కనిపిస్తాయి. ఫోన్లు హాల్లోనే వదిలేయండి.

ఏడో పని: కాల్చడం, ప్రకటించడం

మర్నాడు గడువు గంటలతో సహా ఉంటుంది. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా పగటిని పన్నెండు భాగాలు చేస్తే, నాలుగో భాగం ముగిసేసరికి పులిసినది తినడం ఆపాలి, ఐదోది ముగిసేలోపు మిగిలినదాన్ని కాల్చాలి. తర్వాత ఇంటి యజమాని అరామిక్ భాషలో ఒక ప్రకటన చేస్తాడు. తను చూసినా చూడకపోయినా, తీసేసినా తీసేయకపోయినా, తన అధీనంలో మిగిలిన హమెత్స్ అంతా రద్దయిందని, దానికి యజమాని లేడని, అది నేలమీది ధూళితో సమానమని దాని సారం. అరామిక్ రానివాడు తనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఎందుకంటే అది మంత్రం కాదు, నిర్ణయం.

మనం కాల్చనక్కర్లేదు, ప్లాస్టిక్కునైతే అసలే కాల్చకూడదు. కానీ ఆ ఉదయమే అన్ని సంచులూ గుమ్మం దాటాలి. కారు డిక్కీలో మూడు నెలలు తిరిగే సంచి ఇంట్లో ఉన్నట్టే లెక్క.

ప్రకటనలో రెండు సంగతులు జాగ్రత్తగా చూడండి. ఒకటి, ‘నా అధీనంలో’ అన్నమాట. ఎవరి హమెత్స్ వాళ్ళే రద్దు చేయగలరు. భర్త పాత పత్రికలు, అత్తగారి ఇత్తడి బిందెలు, కూతురి బొమ్మలు మీరు తీసేయడానికి వీల్లేదు. వాళ్ళని పిలిచి, వాళ్ళ వస్తువుల దగ్గర వాళ్ళనే కూర్చోబెట్టండి. కుదరదంటే వదిలేయండి. రెండోది, చూడనిదాన్ని కూడా వదిలేయడం. నెల కష్టపడ్డాక కూడా ఏదో మూల ఏదో మిగిలే ఉంటుంది. దాన్ని తలచుకుంటూ పండుగ పాడుచేసుకోకూడదు.

వస్తువులు కానివాటికి ఈ ప్రకటనే ఎక్కువగా పనికొస్తుందని నా నమ్మకం. మిష్నా మీద పండితుల చర్చలను కూర్చిన తాల్ముదు అనే గ్రంథంలో రబ్బీ అలెగ్జాండ్రి ప్రార్థన ఒకటుంది. నీ చిత్తం నెరవేర్చాలనే ఉంది, కానీ పిండిలోని పులుపు మమ్మల్ని ఆపుతోంది అని దేవుడికి చెప్పుకుంటాడు. పులుపంటే మనసులోని చెడు ప్రేరణ. తర్వాతి గురువులు హమెత్స్‌ను పొంగిన గర్వంతో పోల్చారు. ఆ ఉదయం ఒక కాగితం మీద మీరు ఇంకా చేస్తున్నట్టే అనుకుంటూ చేయని పనులు రాయండి. డబ్బు కట్టి రెండు పాఠాల దగ్గర ఆగిన కోర్సు, కుట్టడం మొదలుపెట్టి వదిలేసిన చీర అంచు, చూడకుండానే మ్యూట్‌లో ఉంచిన వాట్సాప్ గ్రూపులు, ఎవరో ఎప్పుడో అన్న మాటకి జవాబుగా మనసులో దాచుకున్న మాటలు. ఏవి నిజంగా పూర్తిచేస్తారో వాటికి తేదీ వేయండి. మిగతావాటి మీద నాకు హక్కూ లేదు, బాకీ లేదు అని రాసి, ఇంట్లో ఒకరికి వినబడేలా చదవండి. గ్రూపుల్లోంచి ఆ నిమిషమే బయటికి రండి. అప్పులు, అనారోగ్యం, తీరని దుఃఖం ఈ కాగితం మీదికి రావు. వాటికి వేరే సాయం కావాలి.

ఎనిమిదో పని: ఆ సాయంత్రం, తర్వాతి వారం

ఇంత చేసేది ఒక భోజనం కోసం. ఆ రాత్రి భోజనాన్ని సెడర్ అంటారు. బల్ల మీద చేదు ఆకులు, ఉప్పునీళ్ళు, పండ్లూ గింజలూ కలిపిన ముద్ద, మూడు మట్సాలు ఉంటాయి. నాలుగు కప్పుల ద్రాక్షారసం తాగుతారు. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదని అడుగుతారు, పెద్దవాళ్ళు కథ చెబుతారు. మొదట్లోనే మట్సా పైకెత్తి, ఇది ఐగుప్తులో మా పూర్వులు తిన్న బాధల రొట్టె, ఆకలిగా ఉన్నవారంతా వచ్చి తినండి అని పిలుస్తారు.

సర్దడం ముగిసిన రోజు సాయంత్రం మీరూ ఒకరిని భోజనానికి పిలవండి. ఖాళీ అయిన అల్మారాను వాళ్ళకి చూపించనక్కర్లేదు. ఇంటికి మనుషులు రావడానికి చోటు చేయడమే ఈ పనికి ప్రయోజనమని నేను అనుకుంటాను, అందుకే తేదీ పెట్టుకునేటప్పుడే అతిథికి కూడా కబురు పెట్టమంటాను. పిలుపు వెళ్ళిపోయాక గడువు జరపడం కష్టం.

పండుగ ముగిసిన రాత్రి యూదు ఇళ్ళలో పస్కా గిన్నెలు పెట్టెల్లోకి, రోజువారీ గిన్నెలు బయటికి వస్తాయి. రబ్బీ అమ్మకాన్ని వెనక్కి తీసుకున్నానని చెప్పేదాకా టేపు వేసిన అలమర తెరవరు. మీరు తొమ్మిదో రోజున వంటింటి పెట్టెలన్నీ ఒకేసారి విప్పొద్దు. పెట్టె మీద రాసుకున్న పేర్లు చూసి ఆ గిన్నెలు మాత్రమే తీయండి. మిగతావి ఇంకో నెల అలాగే ఉంచి, అప్పటికీ ఎవరూ అడగనివాటిని నాలుగో పనిలో చెప్పిన దారుల్లో పంపేయండి. వచ్చే ఏడాది ఏ రకం వస్తువు వంతో పట్టీ వెనకే రాసిపెట్టుకోండి.